రోలే మంచిదంటారు సరే, రుబ్బేదెవరు?

ఈ మధ్య ఆరోగ్యం గురించి ఎవరు మాట్లాడినా ఒక మాట తప్పకుండా వస్తోంది. పూర్వం మన పెద్దలు రోట్లో రుబ్బుకొని, తిరగట్లో విసురుకొని తిన్నారు కాబట్టి గట్టిగా ఉన్నారనీ, మిక్సీలు వచ్చిన తర్వాతే షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పులు వచ్చాయనీ అంటారు. పెండ్లిండ్లలో, కూటాలలో, చివరకు ఆసుపత్రి వరండాలో చీటీ కోసం కూర్చున్నచోట కూడా ఈ మాట వినిపిస్తుంది. ఈ మాట అనేవారిని కొంచెం గమనించండి. ఎక్కువమంది మగవారే. రోటి ముందు ఒక్క పూటైనా కూర్చున్నవారు కారు.

రోటి పచ్చడి రుచి వేరని నేనూ ఒప్పుకుంటాను. వేయించిన చెనక్కాయలు, ఎండుమిరపకాయలు, కాల్చిన టమోటా, చింతపండు వేసి రోట్లో నూరిన ఊరిబిండి సంగటిలోకి ఎంత బాగుంటుందో మన సీమ వారికి చెప్పనక్కరలేదు. రాయి మెల్లగా నలుపుతుంది, పలుకు పలుకుగా ఉంచుతుంది, పదార్థం వేడెక్కదు. మిక్సీ బ్లేడు నిమిషానికి వేల సార్లు తిరిగి కోసేస్తుంది. అందువల్ల పచ్చడి ఒక్క క్షణం ఎక్కువైతే గుజ్జయిపోతుంది, వేడెక్కుతుంది. రుచిలో తేడా నిజమే. కానీ షుగరు జబ్బు మిక్సీలోంచి రాలేదు. పాలిష్ పట్టిన తెల్ల బియ్యం మూడు పూటలా తినడం, నడక తగ్గడం, బరువు పెరగడం, వంశంలో ఉండడం, ఇవీ దానికి కారణాలు. పొద్దుననగా చేనికి పోయి కలుపు తీసి, సాయంత్రం నీళ్ళు మోసుకొచ్చి, రాత్రికి నలుగురికి వండిపెట్టే స్త్రీకి "రుబ్బితే వ్యాయామం కదా" అని చెప్పడం నాకు న్యాయంగా తోచదు. వ్యాయామం కావలసింది ఆమెకు కాదు, ఆ మాట అన్నవారికి.

ఇంకొక సంగతి కూడా మరచిపోతాము. కొత్తగా గంట్లు కొట్టించిన రోట్లో మొదటి కొన్నిసార్లు రాతిపొడి పిండిలో కలుస్తుంది. అందుకే మన అవ్వలు ముందు తవుడో, నూకలో వేసి రుబ్బి పారబోసేవారు. ఏ పనిముట్టుకైనా దాని లోపం దానికి ఉంటుంది.

ఈ యంత్రం మన వంటింటికి ఎలా వచ్చిందో తెలుసుకుంటే మంచిది. అమెరికాలో రసీన్ అనే ఊరిలో స్టీఫెన్ పొప్లావ్‌స్కీ అనే ఆయన 1922లో గిన్నె అడుగున తిరిగే బ్లేడు ఉన్న యంత్రానికి పేటెంటు కోసం దరఖాస్తు చేశాడు. దేనికో తెలుసా? హార్లిక్స్ పాలు కలపడానికి. రోగిని చూడడానికి వచ్చేవారు చేతిలో పట్టుకొచ్చే ఆ హార్లిక్సే. 1937లో ఫ్రెడ్ వేరింగ్ అనే సంగీత బృంద నాయకుడి బ్లెండరు అంగడికి వచ్చింది. డాక్టర్ జోనాస్ సాల్క్ పోలియో టీకా పరిశోధనలో కూడా ఆ బ్లెండరు పనికొచ్చింది. ఆ టీకా పనిచేస్తుందని ప్రకటించినది 1955లో. అదే సంవత్సరం కోయంబత్తూరులో పి. సభాపతి అనే ఆయన కరెంటుతో తిరిగే రుబ్బురోలు తయారుచేశారు. మనం గ్రైండరు అని పిలిచేది దానినే.

అయితే ఆ విదేశీ బ్లెండర్లు పాలు, పండ్లు కలపడానికి చేసినవి. నానబెట్టిన మినపప్పు, పసుపు కొమ్ములు, ఎండుకొబ్బరి వాటి తాహతు కాదు. బొంబాయిలో మాధురి మాథుర్ గారి ఇంట్లో జర్మనీ వారి బ్రాన్ యంత్రం మోటారు అలాగే పాడైపోయింది. దానిని బాగుచేయించే దారి లేక ఆమె, సీమెన్స్ కంపెనీలో ఇంజనీరుగా ఉన్న భర్త ఎస్. పి. మాథుర్ గారినే మన వంటకు తగినది చేసిపెట్టమన్నారు. 1963లో వారు కంపెనీ పెట్టారు. తర్వాత సుమీత్ పేరుతో వచ్చిన మిక్సీ దక్షిణాది ఇండ్లలో ఎంత నిలిచిందంటే, కొన్ని ఇండ్లలో ఏ కంపెనీది కొన్నా దానిని సుమీతే అనేవారు. 1978లో మద్రాసులో ప్రీతి మొదలైంది, దానిని 2011లో ఫిలిప్స్ వారు కొన్నారు. అదే 2011లో తమిళనాడు ప్రభుత్వం మిక్సీ, గ్రైండరు, ఫ్యాను ఉచితంగా ఇచ్చే పథకం ప్రారంభించింది. ఓట్ల కోసమని చాలామంది ఎగతాళి చేశారు. రాజకీయం సంగతి అటుంచండి. రుబ్బేవారి వీపు నొప్పిని ఒక ప్రభుత్వం లెక్కలోకి తీసుకున్నదనే నేను దానిని చూస్తాను. తిరగలిని తాకట్టు పెట్టించుకోకూడదని ద్వితీయోపదేశకాండములో ఒక కట్టడ ఉన్నది. అది పోతే ఆ ఇంట్లో ఆ పూట తిండి ఉండదు కాబట్టి. పిండి చేసే పనిముట్టు అంత ముఖ్యమైనది.

కనుక మిక్సీ వద్దనే మాట నాది కాదు. మిక్సీ ఉండాలి. నా ఫిర్యాదు వేరే. దానిని ఎలా వాడుతున్నాము, ఎవరి తిండికి వాడుతున్నాము అన్నదే.

మొదట పాత మిక్సీల సంగతి. మన ప్రాంతంలో ఇరవై, ముప్పై ఏండ్ల నాటి మిక్సీలు ఇంకా తిరుగుతున్న ఇండ్లు ఉన్నాయి. అమ్మ పెండ్లికి పెట్టినది కూతురు వాడుతుంటుంది. మోటారు గట్టిది, కార్బన్ బ్రష్షులు మార్పిస్తే మళ్ళీ పనిచేస్తుంది, అందులో తప్పేమీ లేదు. బాగుచేయించుకొని వాడుకోవడం మంచి అలవాటే. కానీ వాటిలో చాలావాటికి ఇనుప లేక అల్యూమినియం ఒళ్ళు. లోపల వైరు తోలు ఊడి ఆ ఒంటికి తగిలితే 230 వోల్టుల కరెంటు మన చేతికి వస్తుంది. అలా రాకుండా కాపాడేది ప్లగ్గులో ఉన్న మూడో లావు పిన్ను, అంటే ఎర్తు. మన ఇండ్లలో మొదట పోయేది ఆ పిన్నే. గోడకు రెండు బెజ్జాల సాకెట్టే ఉందని దానిని విరిచేస్తారు, లేదా ప్లగ్గు తీసేసి వైర్లు నేరుగా బెజ్జాల్లో దూర్చి అగ్గిపుల్లలు పెట్టి బిగిస్తారు. "కొంచెం జిల్లుమంటుంది, అంతే" అని కోడలు చెబుతుంది. "చెప్పులేసుకొని తిప్పమ్మా" అని అత్త సలహా ఇస్తుంది. ఆ జిల్లుమనేదే హెచ్చరిక. చేయి తడిగా ఉండి, కాళ్ళ కింద కడప బండ తడిసి ఉన్న రోజున అది జిల్లుతో ఆగదు. గుండె లయ తప్పడానికి ఒక్క క్షణం చాలు.

సాకెట్టుకు మూడు బెజ్జాలు ఉన్నంత మాత్రాన ఎర్తు ఉన్నట్టు కాదు. ఇంటి వెనకాల గుంత తీసి, పైపు పాతి, బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన చోటే అసలు ఎర్తు. మన రాయలసీమ నేల ఎండినేల. మార్చి దాటేసరికి ఆ గుంత చుట్టూ మట్టి బిర్రుగా ఎండిపోతుంది. ఎండిన మట్టి కరెంటును లోపలికి సరిగా తీసుకోదు. అంటే మనకు ఎర్తు అవసరమైన వేళకు అది పేరుకే ఉంటుంది. ఎండాకాలమంతా వారానికి ఒకటి రెండుసార్లు ఆ గుంతలో రెండు బిందెల నీళ్ళు పోయండి. పాత్రలు కడిగిన నీళ్ళైనా సరే. నీళ్ళకు కరువుండే చోట ఈ మాట చెప్పడం కష్టమే గానీ, ఇది చెట్టుకు పోసినదానికంటే తక్కువ పుణ్యమేమీ కాదు. చేతనైనవారు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే పరికరాన్ని మెయిన్ బోర్డులో పెట్టించుకోండి. కరెంటు దారి తప్పి మనిషిలోకి పోయినప్పుడు అది కన్ను మూసి తెరిచేలోగా సరఫరా ఆపివేస్తుంది. మామూలు ఫ్యూజు ఆ పని చేయదు. ఇది చాలామందికి తెలియదు.

ఎవరికైనా షాకు తగిలి పట్టుకుపోతే వారిని చేత్తో లాగకండి. ముందు మెయిను ఆపండి. అది అందకపోతే ఎండిన కర్రతో తోయండి. స్పృహ వచ్చి బాగానే ఉన్నానన్నా ఆసుపత్రికి తీసుకురండి.

కొత్త మిక్సీలలో ఈ ప్రమాదం తక్కువ. ఒళ్ళు ప్లాస్టిక్కు, మూత సరిగా పడితేనే తిరిగే ఏర్పాటు కొన్నిటిలో ఉంది, మోటారు వేడెక్కితే ఆగిపోయే ఎర్ర బటను అడుగున ఉంటుంది. ఆ బటను పడిపోతే వెంటనే నొక్కి మళ్ళీ తిప్పడం కాదు, కాసేపు చల్లారనివ్వాలి. కొనేటప్పుడు 500 వాట్లా, 750 వాట్లా, వెయ్యా అని అంగడివాడు అడుగుతాడు. నలుగురుండే ఇంటికి పచ్చడికి, పొడికి 500 చాలు. పిండి కూడా అందులోనే రుబ్బాలంటే 750 తీసుకోండి. దానికంటే ముందు ఐఎస్‌ఐ గుర్తు ఉన్నదా, మూత గట్టిగా పడుతున్నదా చూడండి. ఇప్పుడు వస్తున్న గ్లాసును తలకిందులుగా పెట్టి తిప్పే చిన్న మిక్సీలలో వేడి పదార్థం అసలు వేయకూడదు. ఆవిరి పోయే దారి లేక గ్లాసు చిమ్ముకుంటుంది. పెద్ద జారులో కూడా ఉడికిన టమోటాలో, పప్పో పొయ్యి మీదనుండి నేరుగా పోసి మూత బిగిస్తే, తిప్పగానే మూత ఎగిరి ముఖం మీద పడుతుంది. చల్లారేదాకా ఆగలేని తొందర ఏ ఇంటికీ ఉండకూడదు. ఒకవేళ కాలితే కాలిన చోట 20 నిమిషాలు మామూలు చల్లని నీటిధార కింద ఉంచండి. పేస్టు, సిరా, దోసెపిండి రాసుకొని రావద్దు. ముందు వాటిని కడగడానికే మరింత బాధ పడవలసి వస్తుంది.

ఇక ముఖ్యమైన సంగతికి వస్తాను. మిక్సీ ఇంట్లోని అందరికంటే ఎక్కువ పనిచేసేది పళ్ళు రానివారికి, పళ్ళు పోయినవారికి. మనం ఎక్కువ తప్పులు చేసేది కూడా అక్కడే.

బిడ్డకు ఆరు నెలలు నిండిన తర్వాత తల్లిపాలతోపాటు మెత్తని ఆహారం మొదలుపెట్టాలి. సంతోషమే, మిక్సీ ఉన్నది. కానీ ఏమి జరుగుతుందంటే, అన్నం, పప్పు జారులో వేసి, తిరగడానికి సులువుగా ఉంటుందని నీళ్ళు పోసి, పోసి, చివరకు గంజి చేసి సీసాలో పోస్తారు. బిడ్డ కడుపు చిన్నది. నీళ్ళతోనే నిండిపోతుంది, బలం అందదు. "మూడుసార్లు తాగుతున్నాడమ్మా, అయినా బరువు పెరగడం లేదు" అని తల్లి బాధపడుతుంది. తాగించకూడదు, తినిపించాలి. చెంచాలోకి తీసి వంచితే జారిపోకుండా నిలబడేంత చిక్కగా ఉండాలి. మన రాగిసంగటిలో చిటికెడు నెయ్యి, పప్పు మెత్తగా మెదిపి పెడితే అంతకంటే మంచి ఆహారం డబ్బాలో దొరకదు. వంద గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నది. వేయించిన చెనక్కాయల పొడి కూడా కలపవచ్చు. గింజ గింజగా మాత్రం ఐదేండ్లలోపు పిల్లలకు పెట్టవద్దు, గొంతుకు అడ్డం పడుతుంది.

అలా మెత్తగా పెట్టడం కూడా ఎన్నాళ్ళో ఉండకూడదు. ఎనిమిదో నెలకు చేత్తో పట్టుకొని తినే మెత్తని ముక్కలు ఇవ్వాలి. ఏడాది వచ్చేసరికి ఇంట్లో అందరూ తినే తిండి, కారం లేకుండా, తినాలి. పది నెలలు దాటినా పలుకన్నది చూపించకపోతే ఆ తర్వాత నమలడం నేర్చుకోవడానికి మొండికేస్తారు. రెండున్నరేండ్ల పిల్లవాడికి ఇంకా అన్నం మిక్సీ వేసి పెట్టే తల్లులు ఉన్నారు. ప్రేమతోనే చేస్తారు. కానీ ఆ పిల్లవాడి పళ్ళు ఎందుకు వచ్చినట్టు?

పక్షవాతం వచ్చిన పెద్దవారి విషయంలో దీనికి తిరుగుడు పొరపాటు జరుగుతుంది. మింగడం కష్టంగా ఉన్నదని, నీళ్ళలాగా చేస్తే సులువుగా దిగుతుందని అనుకుంటారు. నిజానికి మింగుడు దెబ్బతిన్నవారికి నీళ్ళలాంటిదే ఎక్కువ ప్రమాదం. అది గొంతులో నిలవక ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. దగ్గు, తర్వాత జ్వరం, తర్వాత న్యుమోనియా. చాలామందికి పలుకులు లేకుండా చిక్కగా రుబ్బినది, కూర్చోబెట్టి, చిన్న చెంచాతో, ఒక ముద్ద దిగిన తర్వాతే ఇంకొక ముద్ద పెట్టాలి. ఎంత చిక్కన అన్నది డాక్టరు గారు మింగుడు పరీక్షించి చెప్పినట్టు చేయండి. పొరుగువారు చెప్పినట్టు కాదు.

ముక్కు గొట్టం ఉన్న రోగిని ఇంటికి తీసుకుపోయినవారికి మిక్సీయే వైద్యశాల. ఆ ఇండ్లలో నాది ఒక్కటే విన్నపం. రోగికి ఒక జారు విడిగా పెట్టండి. పచ్చిమిర్చి, అల్లం రుబ్బిన జారును ఎంత కడిగినా మూత రబ్బరులో ఘాటు మిగిలే ఉంటుంది. రుబ్బినదానిని గుడ్డతో గానీ, జల్లెడతో గానీ వడకట్టండి, లేకపోతే గొట్టం మూసుకుపోతుంది. ఒక పూటకు చేసింది ఆ పూటకే. మన ఎండలకు బయట రెండు గంటలు దాటితే దానిని పెట్టవద్దు. పోసేటప్పుడూ, పోసిన తర్వాత ఒక గంటసేపూ తల, వీపు ఎత్తుగా ఉండాలి. గొట్టంలో చివరగా కాచి చల్లార్చిన నీళ్ళు పోయాలి. ఈ పని రోజుకు ఐదారుసార్లు నెలల తరబడి చేసే భార్యలు, కోడండ్లు ఉన్నారు. వారికి ఒక్క గంట విడుదల ఇవ్వడానికి బంధువులలో ఒకరు నేర్చుకొని రావచ్చు. పండ్లు పట్టుకొని వచ్చి మంచం పక్కన కూర్చోవడంకంటే అది పెద్ద సహాయం.

జారు శుభ్రం గురించి చాలామంది పై పైన కడిగేస్తారు. 2013లో అమెరికాలో ఎన్‌ఎస్‌ఎఫ్ సంస్థ ఇండ్లలోని వంట సామాన్లు పరీక్షించగా, బ్లెండరు రబ్బరు వాషరు అన్నిటికంటే ఎక్కువ క్రిములున్న వాటిలో ఒకటిగా తేలింది. బూజు, సాల్మొనెల్లా వంటివి అందులో ఉన్నాయి. వాషరు వేలితో తీసి, సబ్బుతో కడిగి, ఆరబెట్టి మళ్ళీ పెట్టండి. నల్లబడితే మార్చండి, దాని ఖరీదు ఎంత? బ్లేడు దగ్గర చేయి పెట్టి తుడిచేముందు ప్లగ్గు తీయండి, స్విచ్చి ఆపితే చాలదు.

చెనక్కాయల గురించి ఒక మాట. మిక్సీ అన్నిటినీ ఒకే రంగు చేస్తుంది. రోట్లో ఒక్కొక్క గింజ కంటికి కనబడేది, ఇప్పుడు గుప్పెడు జారులో పోసి తిప్పితే బూజు పట్టింది కూడా కలిసిపోతుంది. బూజు పట్టిన చెనక్కాయలలో అఫ్లటాక్సిన్ అనే విషం ఉంటుంది. అది లివరును పాడుచేస్తుంది, లివరు క్యాన్సరుకు దారితీస్తుంది, వేయించినా పూర్తిగా పోదు. పంట మంచివి అమ్మి, ముడుచుకుపోయినవి ఇంటికి ఉంచుకునే అలవాటు మన రైతు కుటుంబాలలో ఉన్నది. నా ఉద్దేశంలో అది తలకిందులు లెక్క. వేయించకముందే చేటలో పోసి ఏరండి. ముడతలు పడినవి, రంగు మారినవి, పచ్చగా బూజు ఉన్నవి పారేయండి. కోళ్ళకూ వేయకండి.

షుగరు ఉన్నవారు జ్యూసు గురించి అడుగుతుంటారు. రైల్వే కోడూరు వైపునుండి బొప్పాయి, మామిడి, అరటి మనకు చవకగా వస్తాయి. ముక్క కోసుకొని నమిలి తింటే ఒక ముక్కతో తృప్తి. జ్యూసు తీసి వడకట్టితే పీచు జల్లెడలో ఉండిపోతుంది, చక్కెర గ్లాసులోకి వస్తుంది, దానికి తోడు రెండు చెంచాల పంచదార. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచనలలో పండ్లరసంలోని చక్కెరను కూడా తగ్గించుకోవలసిన చక్కెర లెక్కలోనే వేసింది. పండు దేవుడిచ్చినదే కాబట్టి జ్యూసు ఎంత తాగినా ఏమీ కాదన్నది సరైన మాట కాదు. ఏడాదిలోపు బిడ్డకు జ్యూసు అవసరమే లేదు.

చివరగా, కొత్త మిక్సీ వచ్చిన తర్వాత పాతదానిని ఏమి చేయాలన్న ప్రశ్న. పనిచేస్తున్నదైతే, ఎర్తు సరిగా ఉన్నదైతే, మనసారా ఎవరికైనా ఇవ్వండి. కానీ షాకు కొడుతున్నదని మనం వాడడం మానేసిన మిక్సీని ఇంట్లో పనిచేసే ఆమెకు ఇచ్చి, "మోటారు మంచిదే, జాగ్రత్తగా తిప్పుకో" అని చెప్పడం చూస్తూనే ఉన్నాము. ఆమె ఇంట్లో ఎర్తు మన ఇంటికంటే మంచిగా ఉంటుందా? మన బిడ్డకు తగలకూడని కరెంటు ఆమె బిడ్డకు తగలవచ్చునా? ఇవ్వదలచుకుంటే ముందు మెకానిక్కు దగ్గర వైరు, ప్లగ్గు మార్పించి, ఒంటికి కరెంటు రావడం లేదని టెస్టరుతో చూపించుకొని ఇవ్వండి. ఆ ఖర్చు పెట్టడం ఇష్టం లేకపోతే పాత సామాన్లవాడికే వేయండి. వేసేముందు వైరును మొదట్లో కత్తిరించి వేయండి, మళ్ళీ ఎవరూ దానిని గోడకు తగిలించకుండా.